పక్క కుర్చీలో వియ్యంకుడు

గోదావరి జిల్లాల్లో అప్పు అడగడానికి బ్యాంకుకి ఎవరూ ఒంటరిగా రారు. ఈ సంగతి మీకు ట్రైనింగులో చెప్పరు. అక్కడ బోర్డు మీద ఒక మనిషి బొమ్మ గీసి, ఇటునుంచి ఆదాయం వస్తున్నట్టు, అటునుంచి ఖర్చు పోతున్నట్టు బాణాలు వేస్తారు. ఆ బొమ్మ పక్కన ఇంకో కుర్చీ వేసి, అందులో ఒక బావమరిదినో, వియ్యంకుడినో, కనీసం వీధిలో పెద్దాయననో కూర్చోబెట్టాలని ఆ బొమ్మ గీసినవాళ్ళకి తోచలేదు. నా ఉద్యోగమంతా ఆ రెండో కుర్చీతోనే సరిపోయింది.

కొత్తగా బ్యాంకుల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడూ నాకు ఫోన్ చేసి, "మేడం, క్యాష్ ఫ్లో చూడడం ఎలాగో ఒకసారి చెప్పండి" అని అడుగుతుంటారు. ఒకసారితో చెప్పగలిగే సంగతి కాదు కాబట్టి రాస్తున్నాను. నా ప్రమోషన్ల గురించీ బదిలీల గురించీ రాయను. ఆ కథలు మావారు ఒక్కరే ఓపిగ్గా విన్నారు, ఆయనకి కూడా ఈమధ్య వినికిడి తగ్గింది.

డబ్బు ఉండడం, డబ్బు ఆడడం

లాభం వచ్చిందా లేదా అన్నది ఆడిటరు చూసుకుంటాడు. మనం చూడవలసింది ఏ నెలలో ఆ మనిషి చేతిలో డబ్బు ఆడుతుంది, ఏ నెలలో ఆడదు అన్నది. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర ఎన్ని నీళ్ళున్నాయన్న లెక్క రైతుకి అక్కర్లేదు. తన చేలోకి వచ్చే బోదెకి ఏ వారం నీళ్ళొస్తాయన్నదే కావాలి. అప్పు వాయిదాలూ అంతే. ఏడాది మొత్తం మీద బాగా సంపాదించేవాడికి కూడా తప్పుడు నెలలో వాయిదా పెట్టామంటే, పాపం, ఎగ్గొట్టేవాడిలా కనబడతాడు.

ఈ సంగతి తెలియాలంటే మనిషిని అడగాలి. అడిగితే చెబుతారు కూడా. కానీ ఎవరు పక్కనుంటే వాళ్ళకి తగ్గట్టు చెబుతారు. నేను భీమవరం వైపు పనిచేసినప్పుడు ఒక రొయ్యల రైతు వచ్చేవారు. భార్యతో వచ్చిన రోజున, "ఏం పంటండి, తెల్లమచ్చ తెగులొచ్చి చెరువంతా ఊడ్చుకుపోయింది, చిల్లిగవ్వ మిగల్లేదు" అన్నారు. ఆవిడ గుడికి వెళ్ళిన రోజు చూసుకుని ఒక్కరే వచ్చి, అదే చెరువు మీద అదే పంటకి కొత్త బుల్లెట్ కొనుక్కునేంత మిగిలిందని గుసగుసగా చెప్పారు. తర్వాత బావమరిదిని వెంటబెట్టుకుని వచ్చినప్పుడు ఇంకో చెరువు కూడా తవ్విస్తున్నట్టు తెలిసింది. ఆ రెండో చెరువు ఎక్కడుందో నేను ఆ బ్రాంచి వదిలేదాకా ఎవరికీ కనబడలేదు.

ఆయన్ని అబద్ధాలకోరు అనడానికి నాకు మనసొప్పదు. ఒక్కొక్కరి ముందు ఒక్కొక్క రకంగా పరువు కాపాడుకుంటున్నారు, అంతే. అప్పు ఇచ్చేవాళ్ళం మనం కాబట్టి, ఆ పరువుల కింద అసలు లెక్క ఎక్కడుందో వెతుక్కోవాలి.

విశ్వనాథం గారి కాఫీ

ఆ వెతకడం నాకు నేర్పినవారు విశ్వనాథం గారు. తొంభైల చివర్లో కోనసీమలో నేను ఫీల్డాఫీసరుగా ఉన్న బ్రాంచికి ఆయన మేనేజరు. పొట్టిగా, గుండ్రంగా ఉండేవారు. మధ్యాహ్నం భోజనం అయ్యాక ఏ కాగితం తీసుకెళ్ళినా ముట్టుకునేవారు కాదు. "ఈ టైములో సంతకం పెడితే అది నా సంతకం కాదమ్మా, పప్పుచారు సంతకం" అనేవారు. ఇంకో లోపం, నేను రాసిన రిపోర్టులన్నీ పై ఆఫీసులో తన పేరు మీదే చదివించుకునేవారు. అయినా నాకు దొరికిన బాసుల్లో ఆయనకే మొదటి పీట వేస్తాను.

ఆయన పద్ధతి రెండు ముక్కల్లో ఉంటుంది. ఒకటి, ఆదాయం అడగకూడదు, ఖర్చు అడగాలి. "ఆదాయం ఎంతండీ అంటే మనిషి తన గురించి చెప్పుకుంటాడు. ఖర్చెంతండీ అంటే వ్యాపారం గురించి చెబుతాడు" అనేవారు. రెండోది కాఫీ. అసలు మాట బయటికి రావాలనుకున్నప్పుడు పక్క కుర్చీలో మనిషిని అటెండరు సత్యం వెంట వెనకగదిలోకి కాఫీకి పంపేసేవారు. కాఫీ డబ్బులు తన జేబులోంచే ఇచ్చేవారు. మొండి బాకీ మాఫీ చేయడం కన్నా ఇది చవక అని ఆయన ఉద్దేశం.

పన్నెండు నెలలూ ఊపిరాడదండి

మా బ్రాంచి ఉన్న ఊళ్ళో షామియానాలూ, కుర్చీలూ, గుండిగలూ, గంగాళాలూ అద్దెకిచ్చే వ్యాపారం సూర్యనారాయణ గారిది. పెళ్ళికి పందిరి దగ్గర్నుంచి పప్పు గరిటె దాకా ఆయన దగ్గర్నుంచే వెళ్ళాలి. ఆ రోజుల్లో కరెంటు పెళ్ళికొడుకులా అలిగేది, పీటల మీద తాళి కట్టే సమయానికి పోయేది. అమలాపురం నుంచి ఒకాయన పెద్ద జనరేటరుతో సహా సామాను పంపిస్తానని చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరగడం మొదలుపెట్టాడు. తనకీ ఒక జనరేటరు లేకపోతే వచ్చే మాఘమాసం ముహూర్తాలన్నీ అటు పోతాయని సూర్యనారాయణ గారి భయం. ఆ భయం నిజమైనదే. అందుకే అప్పుకి వచ్చారు.

హామీ సంతకానికి తన వియ్యంకుడు వెంకటరత్నం గారిని తీసుకొచ్చారు. ఆయన అంబాజీపేటలో కొబ్బరికాయల వ్యాపారి. ఆయన కూతురు కిందటేడే సూర్యనారాయణ గారి కోడలిగా వచ్చింది. ఇద్దరూ ఇస్త్రీ లాల్చీలతో దిగారు. ఎవరు ముందు కూర్చోవాలన్న దగ్గరే కొంతసేపు పని ఆగిపోయింది.

"మీరు కూర్చోండి బావగారూ."

"అబ్బే, మీరుండగా నేనా. ముందు మీరు కూర్చోండి."

ఇద్దరూ ఒకేసారి కూర్చున్నాక నేను ఫారం తీశాను. నెలకి ఎన్ని ఫంక్షన్లు తగులుతాయని అడిగాను.

"లెక్కెక్కడండి మేడంగారు. పన్నెండు నెలలూ ఊపిరాడదు" అన్నారు సూర్యనారాయణ గారు.

"ఆషాఢంలో కూడానాండి?"

ఆయన పక్క కుర్చీకేసి ఒకసారి చూశారు. "ఆషాఢంలో మరీనండి."

"ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు కదండి."

"పెళ్ళిళ్ళొకటేనాండి? మీటింగులుంటాయి, దినకార్యాలుంటాయి. పోయేవాళ్ళకి మూఢం ఏంటండి?"

వెంకటరత్నం గారు గర్వంగా తలూపి, "మా బావగారి సామాను లేందే ఈ చుట్టుపక్కల ఎవరూ ప్రశాంతంగా పోలేరండి" అన్నారు.

తర్వాత వెంకటరత్నం గారి వంతు వచ్చింది. ఆస్తి వివరాలు అడిగితే, తన కొట్టు వెనకాల తాటిచెట్టంత ఎత్తున ఉన్న కొబ్బరికాయల రాశులన్నీ తనవేనన్నారు. ఈసారి సూర్యనారాయణ గారు తలూపారు. నేను ఇద్దరి అంకెలూ రాసుకుంటూ వెళ్ళాను. కలిపి చూస్తే, వీళ్ళకి మేము అప్పు ఇవ్వడం కాదు, మా బ్యాంకుకే వీళ్ళు ఇవ్వాలి.

అప్పుడు విశ్వనాథం గారు తన గదిలోంచి తాపీగా వచ్చి మా బల్ల దగ్గర నిలబడ్డారు.

"కుర్రాళ్ళు ఎంతమంది ఉంటారండి మీ దగ్గర?"

"పదిమంది దాకా ఉంటారండి."

"ఆషాఢంలో అంత పని అంటున్నారు. జీతాలు బాగా ఎక్కువే పడతాయేమో పాపం."

జీతం మాట వినేసరికి సూర్యనారాయణ గారిలో వ్యాపారి లేచి కూర్చున్నాడు. "ఆషాఢంలో జీతాలేంటండి? వాళ్ళంతా వరినాట్లకి పోతారు. శ్రావణం వచ్చేదాకా షాపులో నేనూ మా పిల్లీ తప్ప ఇంకెవరూ ఉండం" అనేశారు. అన్నాక గానీ ఏమన్నారో ఆయనకి తెలియలేదు. మెడ తిప్పకుండా కళ్ళు మాత్రం పక్కకి తిప్పి వియ్యంకుడిని చూశారు. వెంకటరత్నం గారు అప్పటికే గోడ మీద క్యాలెండరులో లీనమైపోయారు.

"సత్యం, వెంకటరత్నం గారికి లోపల మంచి కాఫీ ఇప్పించు" అన్నారు విశ్వనాథం గారు.

తలుపు మూశాక

వియ్యంకుడు లోపలికి వెళ్ళగానే సూర్యనారాయణ గారు లాల్చీ గుండీ ఒకటి విప్పుకుని కుర్చీలో వెనక్కి వాలారు. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం, శ్రావణం, ఈ నెలల్లోనే తన ఏడాది సంపాదనంతా అని చెప్పారు. చైత్రం, ఆశ్వయుజం, కార్తీకం, మార్గశిరం ఒక మోస్తరు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం ఖాళీ. మూఢాలొచ్చి ముహూర్తాలు లేని ఏడాది ఆ మంచి నెలల్లో కూడా కొన్ని కొట్టుకుపోతాయి. ఖాళీ నెలల్లో చిరిగిన షామియానాలు కుట్టించుకోవడం, గుండిగలకి మాట్లు వేయించుకోవడం, ఇంట్లో బియ్యం చూసుకుని వండుకోవడం. ఇంత వివరంగా, ఇంత నిజాయితీగా చెప్పిన క్యాష్ ఫ్లో నేను మళ్ళీ వినలేదు.

చెప్పడం అయ్యాక ఆయన గొంతు తగ్గించారు.

"ఒక్క మాటండి మేనేజరుగారు. నాకేదైనా తేడా వస్తే నోటీసు నాకివ్వండి. ఇంటి ముందు అతికించినా సరే. బావగారికి మాత్రం పంపకండి. ఆ పిల్ల మా ఇంట్లో తిరుగుతోంది. వాళ్ళ నాన్న చేత సంతకం పెట్టించి నేను మాట పోగొట్టుకున్నానంటే, రేపు నాకు అన్నం వడ్డించేటప్పుడు అది నా మొహం చూడగలదా? నేను దాని మొహం చూడగలనా?"

నవ్వుతూ మొదలైన వ్యవహారం నాకు అక్కడ బరువెక్కింది. ఆయన అడుగుతున్నది జనరేటరుకి అప్పే అయినా, తాకట్టు పెడుతున్నది ఆ పిల్లతో ఉన్న చనువు.

తర్వాత కుర్చీలు మారాయి. సూర్యనారాయణ గారు కాఫీకి వెళ్ళారు, వెంకటరత్నం గారు వచ్చారు. ఆయనా తలుపుకేసి ఒకసారి చూసుకుని, ఆ రాశుల్లో సగం తనవి కావని, రైతులు కమీషన్ మీద అమ్మిపెట్టమని వేసిన సరుకని చెప్పారు. "మగపెళ్ళివారి ముందు ఆ మాట ఎలా చెప్పమంటారండి?" అన్నారు. మిగతా సగంతో కూడా హామీకి సరిపోతుంది కాబట్టి మాకు ఇబ్బంది లేదు.

ఆ సాయంత్రం విశ్వనాథం గారూ నేనూ పంచాంగం ముందేసుకుని వాయిదాలు వేశాం. ముహూర్తాలున్న నెలల్లో పెద్ద వాయిదాలు, లేని నెలల్లో ఏమీ లేదు. పై ఆఫీసు నుంచి, ఆషాఢం అంటే ఏ తారీఖు నుంచి ఏ తారీఖు వరకో తెలియజేయవలసిందని ఉత్తరం వచ్చింది. విశ్వనాథం గారు జవాబుతో పాటు ఒక పంచాంగం కూడా పార్సిల్ చేశారు. జనరేటరు వచ్చింది. కరెంటు పోయినా తాళి సమయానికి దీపాలు వెలిగాయి. వాయిదాలు పంచాంగం ప్రకారం పడుతూ వచ్చాయి.

కంప్యూటరుకి మూఢం పట్టదు

కొన్నాళ్ళకి విశ్వనాథం గారికి బదిలీ అయింది. కొత్త మేనేజరు గారు చురుకైన మనిషి, చెడ్డవారు కాదు. ఏ పనైనా సాయంత్రానికి అయిపోవాలంటారు. అదే సమయంలో బ్రాంచికి కంప్యూటర్లు వచ్చాయి. పాత అప్పులన్నీ అందులోకి ఎక్కించడానికి బయటి నుంచి మనుషులొచ్చారు. వాళ్ళకి మూఢాల గోల తెలియదు, ఎవరూ చెప్పలేదు కూడా. అప్పుని పన్నెండు నెలలకి సమానంగా కోసి పెట్టేశారు. ఇప్పటి పిల్లలు కంప్యూటరుని తిడుతూ ఉంటారు గానీ, దానికి మనం చెప్పిందే అది చెబుతుంది.

ఆ ఏడు ఆషాఢానికి ముందే మూఢం కూడా వచ్చిపడింది. మనుషులకి తెలిసిన సంగతే, అందరూ చేతులు కట్టుకుని కూర్చున్నారు. కంప్యూటరు మాత్రం సూర్యనారాయణ గారు వాయిదాలు ఎగ్గొట్టారని కనిపెట్టింది. రెండు నోటీసులు అచ్చయి, నా కంటబడకుండానే పోస్టులో పడ్డాయి. ఒకటి ఆయనకి, ఒకటి ఆయన వియ్యంకుడికి.

నాకు తెలిసింది ఎలాగంటే, అవి అందిన మర్నాడు బ్యాంకు తలుపులు తీసేసరికి సూర్యనారాయణ గారు మెట్ల మీద ఉన్నారు. లోపలికి వచ్చి నా బల్ల మీద ఒక రుమాలు మూట పెట్టి విప్పారు. అందులో బంగారు గాజులు.

"మా ఆవిడవండి. వీటి మీద ఎంతొస్తే అంత ఇచ్చి వాయిదా కట్టించేసుకోండి. రసీదు ఇచ్చేయండి."

ఆయన జేబులోంచి తీసి ఇచ్చిన నోటీసు చూసి నేను నిర్ఘాంతపోయాను. మేనేజరు గారి దగ్గరికి పరుగెత్తి పాత మంజూరు కాగితం చూపించాను. ఆయన చదివి, పొరపాటు మనదేనని వెంటనే ఒప్పుకున్నారు. కాకపోతే సిస్టంలో వాయిదాలు మార్చాలంటే నెలవారీ ఆదాయం మళ్ళీ రాసి, ఇద్దరి సంతకాలూ తీసుకోవాలన్నారు. అది న్యాయమే.

తిరిగి వచ్చి సూర్యనారాయణ గారితో, "మీరేమీ కట్టక్కర్లేదండి, తప్పు మాది, గాజులు తీసుకెళ్ళండి" అన్నాను.

ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. "అది కాదండి మేడంగారు. బావగారికి కూడా వెళ్ళిందా?"

 వెళ్ళిందని చెప్పవలసిన పని నాకు పడలేదు. అప్పుడే వెంకటరత్నం గారు గుమ్మంలోంచి లోపలికి వస్తున్నారు.

ఇద్దరూ ఒకే బల్ల దగ్గర

ఆయన చేతిలో గుడ్డసంచి ఉంది. మమ్మల్ని చూసి ఆగిపోయారు.

"బావగారా, ఏంటి ఇలా వచ్చారు?" అన్నారు సూర్యనారాయణ గారు, మూట మీద అరచెయ్యి కప్పి.

"ఏం లేదండి, పాస్‌బుక్కులో ఎంట్రీలు వేయించుకుందామని. మీరో?"

"నేనూ అందుకేనండి."

అంబాజీపేటలో బ్యాంకులు లేనట్టు ఆయన ఇంతదూరం పాస్‌బుక్కు కోసం రావడం, ఈయన పాస్‌బుక్కు గాజుల రూపంలో ఉండడం, మధ్యలో నేను. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి ఇంక చాలించండి అందామనిపించింది. కాఫీ ఇప్పించి ఒకరిని తప్పిద్దామని కూడా అనిపించింది, చెయ్యి పైకెత్తాను కూడా. కానీ ఎందుకో సత్యాన్ని పిలవలేకపోయాను.

వెంకటరత్నం గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఈసారి ముందు ఎవరు కూర్చోవాలన్న ప్రశ్న రాలేదు. సూర్యనారాయణ గారి వేళ్ళ సందులోంచి గాజులు కనబడుతూనే ఉన్నాయి.

"చెయ్యి తీయండి బావగారూ. అవి చెల్లెమ్మగారి గాజులు. పెళ్ళిలో ఆవిడ చేతికి చూశాను" అన్నారు. తర్వాత తన సంచి బల్ల మీద పెట్టారు. "ఇందులో మీ వాయిదా డబ్బుంది. మీకు తెలియకుండా కట్టేసి పోదామనుకున్నాను. అది కూడా నాది కాదండి, నిన్న సాయంత్రం చేబదులు తెచ్చాను. ఆ కొబ్బరి రాశుల్లో సగం నావి కావు. ఆషాఢంలో నేనూ చేబదుళ్ళ మీదే బతుకుతాను."

సూర్యనారాయణ గారు మూట మీంచి చెయ్యి తీశారు. "మరి పెళ్ళికి అంత పెద్ద పందిరి వేయమన్నారు కదండి?" అన్నారు.

"మీకు ఇదే వ్యాపారం కదండి. చిన్న పందిరి వేయమంటే మీకు నామోషీ అని."

"నేను మీకు నామోషీ అని వేశానండి. ఆ పందిరి గుడ్డల బాకీ కిందటి శ్రావణందాకా కట్టాను."

నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. అప్పటికి చాలా ఏళ్ళుగా ఎంతోమందిని ఆదాయం అడిగాను. పక్క కుర్చీలో మనిషి ఉండగా నిజం చెప్పినవాళ్ళని చూడడం అదే మొదటిసారి.

నేను కొత్త ఫారం తీశాను. అప్పటిదాకా పోటీపడి పెంచినవాళ్ళు, ఇప్పుడు పోటీపడి తగ్గించడం మొదలుపెట్టారు.

"ఆషాఢం సున్నా రాయండి మేడంగారు" అన్నారు సూర్యనారాయణ గారు.

"నాకూ సున్నా రాయండి."

"భాద్రపదం కూడా సున్నాయేనండి."

"బావగారికి సున్నా అయితే నాకు అంతకన్నా కిందకి రాయండి. నాకు రాశుల కాపలా ఖర్చు కూడా ఉంటుంది."

"ఇంకొక్క నెల తగ్గిస్తే అసలు మీకు అప్పు ఎందుకిచ్చావని నన్ను అడుగుతారండి. ఇక్కడితో ఆపి సంతకాలు పెట్టండి" అన్నాను.

సంతకాలు పెట్టారు. వెంకటరత్నం గారు గాజులు తీసి రుమాల్లో మూటకట్టి సూర్యనారాయణ గారి చేతిలో పెట్టారు. "పదండి, ఇవి చెల్లెమ్మగారికి ఇచ్చేద్దురుగాని. నేనూ వస్తాను, అమ్మాయిని చూసి చాన్నాళ్ళయింది" అన్నారు.

సూర్యనారాయణ గారు లేవబోయి ఆగారు. ముందుగా కబురు లేకుండా వియ్యంకుడు భోజనానికి వస్తున్నాడంటే మా వైపు ఇల్లంతా తలకిందులవుతుంది. అప్పు తెచ్చయినా నాలుగు రకాలు వండుతారు. ఆయన గాజుల మూటకేసి చూసుకున్నారు.

"ఇంట్లో ఇవాళ పప్పూ పచ్చడేనండి బావగారూ."

"అదే పెట్టించండి" అన్నారు వెంకటరత్నం గారు.